ఇంట్లోనే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ బిగించుకుంటున్నా, మొదటిసారి. ఎక్కడ జాగ్రత్తపడాలి?

కొత్త_ఇరుసు
అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా మామూలు గేర్ల సైకిల్ తొక్కుతున్నాను. పంచర్ వేసుకోవడం, బ్రేకు తీగ మార్చుకోవడం వరకు వచ్చు, అంతకు మించి ఎప్పుడూ పానా పట్టలేదు. ఇప్పుడు ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ (చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉండే రకం) విడిభాగాలుగా తెప్పించుకున్నాను, నేనే బిగించుకోవాలని. ఫ్రేమ్, ఫోర్క్ (ముందుచక్రాన్ని పట్టే రెండు కాళ్ళ భాగం), రెండు చక్రాలు, 48 పళ్ళ క్రాంక్ (ముందు పళ్ళచక్రం, పెడళ్ళు తగిలించే కడ్డీలు), 16 పళ్ళ కాగ్ (వెనకచక్రానికి బిగించే పళ్ళచక్రం), ఒక లాక్‌రింగ్ (కాగ్ విడిపోకుండా దాని మీద బిగించే రింగు), 1/8 అంగుళం చైన్, బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు, దాని బేరింగులు), ముందు బ్రేకు ఒకటి. నేల మీద దుప్పటి పరిచి అన్నీ వరసగా పెట్టుకుని మూడు రోజులుగా చూస్తున్నా, మొదలుపెట్టాలంటే చెయ్యి రావడం లేదు. ఏ వరసలో బిగించాలి, ఎక్కడ తప్పు చేస్తే వస్తువు పాడవుతుంది, ఎక్కడ తప్పు చేస్తే మనిషికి దెబ్బ తగులుతుంది, ఈ మూడూ ఎవరైనా చెప్పగలరా?

గ్రీజుచేతులు
వరస గురించి కంగారు పడకండి. ముందు హెడ్‌సెట్ (హ్యాండిల్, ఫోర్క్ తిరిగే బేరింగులు), ఫోర్క్. తర్వాత బాటమ్ బ్రాకెట్, క్రాంకులు. ఆ తర్వాత చక్రాలు, చైన్. చివర్లో హ్యాండిల్, బ్రేకు, సీటు. ఇందులో ఒకటి అటూ ఇటూ అయినా కొంప మునగదు.

శ్రద్ధ పెట్టాల్సింది మరల మీద. కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకి తిప్పితే వదులవుతుంది అని చేతికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ సైకిల్లో మూడు చోట్ల అది తిరగబడుతుంది. ఎడమ పెడల్, బాటమ్ బ్రాకెట్‌లో చైన్ వైపు కప్పు, వెనక హబ్ (చక్రం నడిమి భాగం) మీద లాక్‌రింగ్. పెడల్ సంగతి గుర్తుపెట్టుకోవడం తేలిక, ఏ వైపుదైనా సరే ఇరుసు పైభాగం సైకిల్ ముందుచక్రం వైపు తిరిగేలా తిప్పితే బిగుస్తుంది. బాటమ్ బ్రాకెట్‌కి మాత్రం ఫ్రేమ్ గొట్టం వెడల్పు ముందు కొలవండి. 68 మిల్లీమీటర్లు ఉంటే చాలావరకు ఇంగ్లీష్ మర, చైన్ వైపు కప్పు ఎడమకి బిగుస్తుంది. 70 ఉంటే ఇటాలియన్ మర అయ్యే అవకాశం ఎక్కువ, దానికి రెండు వైపులా మామూలు మరే. కప్పు మీద సాధారణంగా రాసే ఉంటుంది, చూసి మొదలుపెట్టండి. బిగించే ప్రతి మరకీ గ్రీజు రాయండి, ఇక్కడ పిసినారితనం వద్దు.

మెల్లగా_వెళ్దాం
పైన అన్న చెప్పిన చైన్ వైపు కప్పు దగ్గరే నా మొదటి ఫ్రేమ్‌ని పాడుచేసుకున్నాను. కుడికి తిప్పాను. ఒక చుట్టు వెళ్ళింది, ఆ తర్వాత బిగుసుకుంది, కొత్తది కదా అలాగే ఉంటుందనుకుని పొడవాటి పానా తగిలించి బలం పెట్టాను. కరకరమని ఒక శబ్దం, చేతికి ఇసుక నలిగినట్టు తగిలింది. తీసి చూస్తే గ్రీజులో సన్నటి వెండి నలుసులు, పెన్సిల్ చెక్కితే రాలే పొట్టులాగా. అవి ఫ్రేమ్ మరలు. ఇంక ఏం చేస్తాం.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఏ మరనైనా ముందు బిగించే దిక్కుకి ఎదురు తిప్పుతాను, నెమ్మదిగా, వేళ్ళతోనే. ఒకచోట చిన్నగా 'టిక్' అని కిందకి జారినట్టు తెలుస్తుంది, మర మొదలు అక్కడ దొరికిందన్నమాట. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పుతాను. వేళ్ళతో మూడు చుట్లు వెళ్ళేదాకా పానా ముట్టుకోను. వేళ్ళతో వెళ్ళడం లేదంటే ఎక్కడో తప్పు ఉన్నట్టే, బలం పెడితే ఆ తప్పు ఇంకా లోపలికి పోతుంది.

స్పోక్‌లెక్క
బిగించడం మొదలుపెట్టకముందే ఒక మాట. మీ 48, 16 కలయిక మార్చుకోగలిగితే మార్చుకోండి. రెండు కారణాలున్నాయి.

మొదటిది బరువు. 48ని 16తో భాగిస్తే సరిగ్గా 3, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనకచక్రం మూడు చుట్లు. 700 సైజు చక్రానికి 25 టైరు వేస్తే చుట్టుకొలత 2.1 మీటర్లు, అంటే పెడల్ చుట్టుకి 6.3 మీటర్లు పోతారు. గేర్ మార్చుకునే వీలు లేని సైకిల్ మీద కొత్తవాళ్ళకి ఇది బరువే. ఎక్కేటప్పుడు బరువు ఒక ఎత్తు, కాళ్ళతో ఆపేటప్పుడు బరువు ఇంకో ఎత్తు.

రెండోది టైరు అరుగుదల. చక్రాన్ని కాళ్ళతో బిగబట్టి ఈడ్చి ఆపడం నేర్చుకున్నాక, ప్రతిసారీ మీ కాళ్ళు ఒకే స్థితిలో ఆగుతాయి. నిష్పత్తి సరిగ్గా 3 కాబట్టి టైరు కూడా ప్రతిసారీ ఒకే చోట నేలకి రాసుకుంటుంది. మిగతా టైరు కొత్తగా ఉండగానే ఆ ఒక్కచోట గుడ్డ బయటపడుతుంది. 48కి 17 వేస్తే భాగాహారం తెగదు, అరుగుదల 17 చోట్లకి పంచుకుంటుంది. 46కి 16 అయితే 23/8 అవుతుంది కాబట్టి 8 చోట్లు. 17 పళ్ళ కాగ్ ఒక్కటి కొనుక్కుంటే రెండు సమస్యలూ తీరతాయి. ఒక పన్ను పెరిగితే ఇరుసు సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది, అంతే.

కొత్త_ఇరుసు
అందరికీ చాలా థాంక్స్. 17 పళ్ళ కాగ్ తెప్పిస్తున్నాను, ఈలోగా 16తోనే బిగించి చూస్తాను. బాటమ్ బ్రాకెట్ అయిపోయింది! 68 ఉంది, కప్పు మీద ఇంగ్లీష్ కొలతే రాసి ఉంది. ఎదురు తిప్పితే నిజంగానే 'టిక్' అంది, ఆ తర్వాత వేళ్ళతో ఐదు చుట్లు వెళ్ళింది. ఆ టిక్ వినేసరికి సగం టెన్షన్ పోయింది.

హెడ్‌సెట్ దగ్గర ఆగాను. హ్యాండిల్ తిప్పితే సాఫీగానే తిరుగుతోంది, కానీ ముందుచక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కొంచెం కదులుతోంది. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి పట్టే ముక్క) బోల్టులు ఎంత బిగించినా తగ్గడం లేదు.

సాయంత్రం_సవారీ
స్టెమ్ బోల్టులు ముందే బిగించేశారు, అందుకే. పక్కనున్న ఆ రెండు బోల్టులూ వదులు చేయండి. తర్వాత పైమూత బోల్టుని కొద్దికొద్దిగా బిగించండి, బేరింగుల మీద ఒత్తిడి తెచ్చేది అదే. ఊపితే కదలకూడదు, తిప్పితే పట్టేసినట్టు ఉండకూడదు. ఆ స్థితి దొరికాక స్టెమ్‌ని చక్రానికి సూటిగా పెట్టి పక్క బోల్టులు బిగించండి. సాధారణంగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు, మీ స్టెమ్ మీద వేరే అంకె రాసి ఉంటే దాన్నే పాటించండి. స్టీరర్ గొట్టం (ఫోర్క్ పైన ఉండే గొట్టం) స్టెమ్ పైఅంచు కన్నా 3 మిల్లీమీటర్లు కిందకి ఉందా చూడండి, సమానంగా ఉంటే పైమూత గొట్టానికే ఆనుకుని ఆగిపోతుంది, బేరింగుల దాకా ఒత్తిడి రాదు.

ఇంకోటి, ఫోర్క్ ముందువైపే ముందుకి ఉందా? కాళ్ళ చివర్లు కొద్దిగా ముందుకి వంగి ఉండాలి. వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్ళు నేను చాలా చూశాను. అలా ఉంటే పెడల్ మీదున్న కాలి వేళ్ళు మలుపులో ముందుచక్రానికి తగులుతాయి.

కొత్త_ఇరుసు
ఫోర్క్ సరిగానే ఉంది, హెడ్‌సెట్ కుదిరింది. క్రాంకులు, చక్రాలు, చైన్, బ్రేకు కూడా అయిపోయాయి.

ఒక్కటే చిక్కు. నాకు పంపిన లాక్‌రింగ్ సైజు తప్పు. కాగ్ హబ్ మీద చక్కగా ఎక్కింది, లాక్‌రింగ్ మాత్రం మర మీద కూర్చోనే కూర్చోదు, దాని రంధ్రం చిన్నగా ఉంది. ఎడమకి తిప్పి చూశా, కుడికి తిప్పి చూశా. దాంతో కాగ్ మరకి థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి, చైన్ విప్‌తో (చైన్ ముక్కతో పళ్ళచక్రాన్ని పట్టి తిప్పే పానా) నా బలమంతా పెట్టి బిగించేశాను. గదిలోనే నిలబెట్టి పెడల్ వెనక్కి తొక్కి చూస్తే ఒక్కోసారి 'టక్' అంటోంది, మిగతా అంతా బాగుంది. రేపు పొద్దున్నే రోడ్డు మీదకి తీద్దామనుకుంటున్నాను. ఆ శబ్దం చైన్ వదులు వల్లేనా?

వేగం_47
చైన్ వదులే అయి ఉంటుంది. లాక్‌రింగ్ లేకుండా థ్రెడ్ లాకర్‌తో నడిపేవాళ్ళు బోలెడుమంది, నేను కూడా ఒక ఏడాది నడిపాను. ముందు బ్రేకు ఉంది కదా. తొక్కేకొద్దీ కాగ్ తనంతట తనే బిగుసుకుంటుంది.

గ్రీజుచేతులు
కొత్త_ఇరుసు గారూ, దయచేసి ఆ సైకిల్ ఎక్కకండి. రేపు కూడా ఎక్కకండి.

వేగం_47 చెప్పింది సగం నిజం. ముందుకి తొక్కినప్పుడు కాగ్ బిగుసుకుంటుంది, ఎందుకంటే దాని మర కుడి మర, మీ కాలి బలం కూడా అటే. వెనక్కి నొక్కి వేగం తగ్గించినప్పుడు అదే బలం కాగ్‌ని విప్పుతుంది. దాన్ని ఆపడానికే లాక్‌రింగ్‌కి ఎడమ మర పెట్టారు. కాగ్ విప్పుకోబోతూ లాక్‌రింగ్‌ని తనతోపాటు ఎడమకి లాగుతుంది, ఎడమకి లాగితే లాక్‌రింగ్ ఇంకా బిగుస్తుంది. అంటే ఒకటి విడిపోవాలని చూస్తే రెండోది బిగుసుకుంటుంది, ఫిక్స్‌డ్ సైకిల్ ప్రాణమంతా ఆ రెండు మరల మధ్యే ఉంది. లాక్‌రింగ్ తీసేస్తే మీ కాళ్ళ బ్రేకు మొత్తం ఒక జిగురు చుక్క మీద ఆధారపడినట్టే. కాగ్ విప్పుకున్న క్షణంలో పెడళ్ళు ఖాళీగా వెనక్కి తిరిగిపోతాయి. కాళ్ళు పెడళ్ళకి పట్టీలతో కట్టి ఉండి, దిగుడులో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఇప్పుడు ఒక పని చేయండి. మార్కర్ తీసుకుని కాగ్ మీద నుంచి పక్కనున్న హబ్ మీదకి ఒకే గీత గీయండి. ముందు బ్రేకు పట్టుకుని, వెనకచక్రాన్ని నేలకి గట్టిగా అదిమి, పెడల్‌ని పదిసార్లు వెనక్కి గట్టిగా నొక్కండి. చైన్ వదులైతే ప్రతిసారీ ఆట అంతే ఉంటుంది, గీత కదలదు. కాగ్ తిరుగుతుంటే గీత రెండు ముక్కలవుతుంది.

కొత్త_ఇరుసు
గీత రెండు ముక్కలైంది. నాలుగోసారికే. హబ్ మీది ముక్కకీ కాగ్ మీది ముక్కకీ మధ్య నా చిటికెన వేలంత ఎడం వచ్చింది. అంత బలం పెట్టి బిగించానే! చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. రోడ్డు మీద తేలే సంగతి గదిలోనే తేలింది. సరైన సైజు లాక్‌రింగ్ ఎలా కనుక్కోవాలి?

మెల్లగా_వెళ్దాం
ఆగండి. లాక్‌రింగ్ తప్పు కాకపోవచ్చు. మీ వెనక హబ్‌కి రెండు వైపులా మర ఉందా? ఉంటే చక్రం తీసి రెండు వైపులూ పక్కపక్కన చూడండి. ఒక్కో వైపు మెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.

కొత్త_ఇరుసు
చక్రం ఒళ్ళో పెట్టుకుని చూశాను. నేను కాగ్ బిగించిన వైపు ఒకే వెడల్పు మర, మొదటి నుంచి చివరిదాకా. రెండో వైపు రెండు మెట్లు ఉన్నాయి. లోపల ఒక పెద్ద మెట్టు, దాని బయట కాస్త సన్నటి మెట్టు, ఆ సన్న మెట్టు మీద మర గీతలు ఎదురు వాలుగా ఉన్నాయి. లాక్‌రింగ్ తెచ్చి ఆ సన్న మెట్టు మీద పెట్టి ఎడమకి తిప్పాను. వేళ్ళతోనే వెళ్ళిపోయింది.

మెల్లగా_వెళ్దాం
అదే. మీరు బిగించింది ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రం తిరగనిచ్చే మామూలు పళ్ళచక్రం) వైపు. ఒకవైపు ఫిక్స్‌డ్, ఒకవైపు ఫ్రీవీల్ వేసుకునేలా చేసిన హబ్ అది. ఫ్రీవీల్ మరా, కాగ్ మరా ఒకటే కొలత, 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. అందుకే కాగ్ అక్కడ కూడా హాయిగా ఎక్కేసింది. ఫ్రీవీల్‌ని వెనక్కి విప్పే బలం ఎప్పుడూ పడదు కాబట్టి ఆ వైపు లాక్‌రింగ్ మెట్టు ఇవ్వరు. లాక్‌రింగ్ మర 1.29 అంగుళాలు, ఎడమ మర, అది ఒక్క ఫిక్స్‌డ్ వైపే ఉంటుంది. పంపినవాళ్ళు సరైన వస్తువే పంపారు. మొదటిసారి బిగించేవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడతారు, మనసులో పెట్టుకోకండి.

గ్రీజుచేతులు
మెట్లు లెక్కపెట్టమనడం నాకు తట్టలేదు, మంచి ప్రశ్న.

ఇప్పుడు చేయాల్సింది. కాగ్ విప్పి, దాని మరలో ఎండిన థ్రెడ్ లాకర్ పొడిని పాత టూత్‌బ్రష్‌తో పూర్తిగా తుడవండి. హబ్ రెండో వైపు పెద్ద మెట్టుకి గ్రీజు రాసి కాగ్‌ని కుడికి తిప్పుతూ చివరిదాకా ఎక్కించండి, చైన్ విప్‌తో గట్టిగా బిగించండి. తర్వాత లాక్‌రింగ్, ఎడమకి. దానికి కొక్కెం ఉన్న పానా వస్తుంది, అదే వాడండి. సుత్తీ స్క్రూడ్రైవరూ పెట్టి కొడితే గాట్లు చితికిపోతాయి, మళ్ళీ విప్పాల్సి వచ్చినప్పుడు పట్టు దొరకదు.

చక్రం తిరగేసి పెడుతున్నారు కాబట్టి టైరు మీద బాణం గుర్తు ఉంటే అది వెనక్కి చూస్తుంది, తీసి మార్చుకోండి. ఇరుసు నట్లు 15 మిల్లీమీటర్ల పానాతో, 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి.

వేగం_47
గీత సంగతి చదివాక నా సైకిల్ తీసి చూసుకున్నాను. నాది కూడా ఫ్రీవీల్ వైపే ఉంది. ఏడాది అలాగే తిరిగాను. నేను ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను, ఎవరూ పాటించొద్దు. చక్రం మార్చేసుకుంటున్నా.

సాయంత్రం_సవారీ
చైన్ బిగించే ముందు ఇది చదవండి, అందరూ. ఫిక్స్‌డ్ సైకిల్ చైన్‌లో వేలు పడితే చక్రం ఆగదు. మామూలు సైకిల్లో పెడల్ ఆపేస్తే చైన్ ఆగిపోతుంది. ఇందులో తిరుగుతున్న చక్రం బరువంతా చైన్‌ని లాగుతూనే ఉంటుంది, వేలు చైన్‌కీ పళ్ళకీ మధ్య నుంచి వెళ్ళి అటువైపు బయటకి వచ్చేదాకా. నేను రెండేళ్ళ క్రితం సైకిల్ తలకిందులు చేసి, చక్రం తిప్పుతూ గుడ్డతో చైన్ తుడుస్తున్నాను. గుడ్డ కొస పళ్ళకి చిక్కింది, దానితోపాటు చూపుడువేలు. గోరు ఇప్పటికీ సగమే పెరుగుతుంది. అంతటితో పోయింది, వేలి కొస పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చక్రం కదులుతుండగా చైన్ దగ్గర చెయ్యి పెట్టొద్దు, గుడ్డ అసలే వద్దు. తుడవాలంటే చక్రం ఆపి, కొంచెం తుడిచి, చెయ్యి తీసి, చక్రం జరిపి, మళ్ళీ తుడవండి. పిల్లలు తిరిగే చోట అయితే ఇంకా జాగ్రత్త, తిరిగే చక్రం చూస్తే వాళ్ళు వేలు పెట్టకుండా ఉండలేరు.

స్పోక్‌లెక్క
చైన్ ఎంత బిగువు ఉండాలంటే, పై భాగం మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే మొత్తం అర అంగుళం కదలాలి. అంతకన్నా వదులైతే ఊడిపోయే ప్రమాదం, ఊడితే వెనకచక్రం పట్టేస్తుంది. బిగువైతే బేరింగుల మీద భారం, తొక్కుతుంటే మూలుగుతుంది.

కొలవడం ఒకచోట సరిపోదు. ముందు పళ్ళచక్రం ఎప్పుడూ పూర్తిగా గుండ్రంగా కూర్చోదు, పెడల్ ఒక చుట్టు తిప్పుతుంటే ఒకచోట బిగుస్తుంది, ఒకచోట వదులవుతుంది. అన్నిటికన్నా బిగువున్న చోటు పట్టుకుని ఆ స్థితిలో అర అంగుళం ఉండేలా సర్దండి. తేడా మరీ ఎక్కువుంటే చైన్‌రింగ్ ఐదు బోల్టులూ కాస్త వదులు చేసి, బిగువున్న చోట చైన్ మీద చిన్నగా తట్టి, మళ్ళీ బిగించండి. ఫిక్స్‌డ్ సైకిళ్ళ మీద విస్తారంగా రాసిన షెల్డన్ బ్రౌన్ చెప్పిన చిట్కా ఇది. ఆయన 2008లో చనిపోయారు, రాసినవి ఇప్పటికీ ఎంతోమంది చదువుకుంటున్నారు. నేను ఈ పని నేర్చుకున్నది అక్కడే.

చక్రాన్ని వెనక్కి లాగడానికి బలం అక్కర్లేదు. ఒకవైపు నట్టు వదులు చేసి, ఆ వైపు ఇరుసు కొస వెనక్కి జరిగేలా చక్రాన్ని పక్కకి నెట్టి, ఆ నట్టు మళ్ళీ కాస్త బిగించండి, తర్వాత రెండో వైపు కూడా అలాగే. అలా రెండు మూడుసార్లు మార్చి మార్చి చేస్తే ఇరుసు అడుగులో అడుగు వేసినట్టు వెనక్కి నడుస్తుంది. చివర్లో రిమ్ రెండు ఫ్రేమ్ గొట్టాలకీ మధ్యలో ఉండాలి.

కొత్త_ఇరుసు
ఈలోగా 17 పళ్ళ కాగ్ వచ్చింది, దాన్నే సరైన వైపు బిగించాను. గీత పరీక్ష ఇరవైసార్లు చేశాను, గీత ఒక్కటిగానే ఉంది. టక్ శబ్దం లేదు.

ఈ రోజు పొద్దున ఖాళీ మైదానంలో తొక్కాను. మొదటి నిమిషం భయమేసింది. అలవాటుగా పెడల్ ఆపబోయాను, సైకిల్ నా కాలిని ఎత్తి ముందుకి తోసింది. పది నిమిషాలకి కాళ్ళు అర్థం చేసుకున్నాయి. ఆగేటప్పుడు కాళ్ళతో మెల్లగా వెనక్కి నొక్కుతూ ముందు బ్రేకు పట్టాను. ముందు బ్రేకు తీసేస్తే ఇంకా నేర్చుకుంటావని ఒక మిత్రుడు అంటున్నాడు, ట్రాక్ సైకిళ్ళకి బ్రేకులుండవు కదా అని.

గ్రీజుచేతులు
ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు, అడ్డం వచ్చేవాళ్ళు ఉండరు, ఎవరికీ బ్రేకు లేదు కాబట్టి ఎవరూ హఠాత్తుగా ఆగరు. రోడ్డు అలాంటిది కాదు. ఆగేటప్పుడు బరువంతా ముందుచక్రం మీదకి పోతుంది, వెనకచక్రం పట్టు కోల్పోయి జారుతుంది, కాళ్ళల్లో ఎంత బలమున్నా లాభం లేదు. పైగా చైన్ తెగినా ఊడినా కాళ్ళ బ్రేకు ఆ క్షణంలోనే పోతుంది. ముందు బ్రేకు ఉంచండి. కాలి పట్టీలు కూడా వేసుకోండి, పెడల్ మీద నుంచి కాలు జారితే తిరిగే పెడల్ పిక్కని కొడుతుంది.

ఒకసారి ఎత్తు ఎక్కి దిగి వచ్చాక లాక్‌రింగ్ మళ్ళీ బిగించండి, మర్చిపోవద్దు. ఎక్కేటప్పుడు పడే బలానికి కాగ్ ఇంకాస్త లోపలికి కూర్చుంటుంది, దాంతో లాక్‌రింగ్‌కీ కాగ్‌కీ మధ్య సందు వస్తుంది. క్రాంక్ బోల్టులు కూడా అప్పుడే చూడండి. వదులు క్రాంక్‌తో తొక్కితే దాని చదరపు రంధ్రం నలిగిపోతుంది, అప్పుడు ఎంత బిగించినా నిలవదు.

కొత్త_ఇరుసు
ఇవాళ పెద్ద ఎత్తు ఒకటి ఎక్కి వచ్చాను. 17 కాగ్ వల్లే ఎక్కగలిగాను, 16 అయితే మధ్యలో దిగేవాడినే. ఇంటికి రాగానే పానా పెట్టాను. లాక్‌రింగ్ ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది, ఆ తర్వాత కదల్లేదు. ఎడమ క్రాంక్ బోల్టు కూడా పావు చుట్టు పట్టింది, కుడిది కదల్లేదు. గీత మాత్రం రెండు ముక్కలుగా కనిపించింది, ఒక్క నిమిషం గుండె ఆగింది, తర్వాత చూస్తే ఈసారి కాగ్ జరిగింది బిగుసుకునే వైపుకే. పాత గీత తుడిచేసి కొత్తది గీశాను.